ఎవరూ నొక్కని గంట

“మీ మిషను పాడవలేదేమో అనిపిస్తోందండీ. అదే మా భయం.”

ఫోనులో ఆ మాట అన్నది కొల్లేటి అంచున, కలిదిండి వైపు ఉన్న ఒక ఊరి పాస్టరు గారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నేను ఏలూరులో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపులో సర్వీసు మనిషిని. బడి గంటలు, రైస్ మిల్లుల్లో బస్తాలు లెక్కపెట్టే పెట్టెలు, ఐసు ఫ్యాక్టరీల టైమర్లు తయారుచేసేవాళ్లం. పాడైతే వెళ్లి బాగుచేయడం నా పని. పాడవలేదని భయపడి ఫోను చేసిన మనిషి నా సర్వీసు మొత్తంలో ఆయనొక్కరే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీలాంటి పిల్లలు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. కష్టమైన రిపేరు ఏదండీ అని. కష్టమైనవి చాలా ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ చేతుల మీద వెంట్రుకలు లేచేది మాత్రం ఈ ఒక్కటే.

ఆ ఊరి చర్చిలో మిషనరీల కాలం నాటి పెద్ద కంచు గంట ఉంది. తాడు లాగే పెద్దాయనకు భుజం పడిపోవడంతో సంఘం వాళ్లు మా దగ్గర కరెంటు సుత్తి పెట్టించుకున్నారు. దానికి రెండు మీటలు. ఒకటి చర్చి గుమ్మం పక్కన. అది నొక్కితే ఆరాధన గంట, గబగబా మోగుతుంది. రెండోది పాస్టరు గారి ఇంటి వరండాలో. అది చావు గంట. ఒక్క దెబ్బ, చాలాసేపు నిశ్శబ్దం, మళ్లీ ఒక్క దెబ్బ. చావు కబురు ఏ వేళనైనా వస్తుంది కాబట్టి పాస్టరు గారు చర్చిదాకా నడవనక్కర్లేకుండా ఆ మీట ఇంట్లో పెట్టాం. ఇంటికీ చర్చికీ మధ్య ఒక చేపల చెరువు. మీట తీగను చెరువు గట్టు మీద గుంజలు పాతి తీసుకెళ్లాం.

పెట్టిన కొన్నాళ్లకే సాయంత్రాల్లో చావు గంట తనంతట తాను మోగడం మొదలైంది. మీట దగ్గర ఎవరూ ఉండరు. మొదటిసారి మోగిన సాయంత్రమే ఊళ్లో రిటైరైన మాస్టారొకాయన కన్నుమూశారు. మరోసారి మోగినప్పుడు చేపల చెరువులో మేత వేసే మనిషి నీళ్లలో తేలాడు. మూర్ఛ వచ్చి పడిపోయి ఉంటాడన్నారు. ఇంకోసారి ఒక గేదె అదే చెరువులో దిగి మళ్లీ లేవలేదు. ఏమీ జరగని సాయంత్రాలు కూడా ఉన్నాయి. కానీ చుట్టాలున్న ఊళ్లన్నీ కలిపితే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పోతూనే ఉంటారు కదా. మర్నాడు ఉండి నుంచో గుండుగొలను నుంచో కబురు వచ్చేది. అదిగో, నిన్న గంట చెప్పింది అనేవారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు పాస్టరు గారు కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, గొంతు తగ్గించి చెప్పారు.

“సాయంత్రమైతే ముసలివాళ్లు అరుగుల మీద కూర్చుని గంట వైపే చూస్తున్నారండీ. ఒకావిడ నన్నడిగింది, ‘అయ్యగారూ, అది నా పేరు ముందే చెప్తుందంటారా’ అని. నేనేం చెప్పను?”

“మిషనుకు పేర్లు తెలియవండీ,” అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా అనిపించి పెట్టె మూత విప్పాను. ఆ రోజు బోర్డు మొత్తం మార్చేశాను. వారం తిరక్కుండా మళ్లీ ఫోను. తర్వాత కరెంటు సప్లై మార్చాను. తీగకు కవచం ఉన్న రకం వేశాను. ఏది మార్చినా కొన్నాళ్లు ఊరుకుని, మళ్లీ ఒక సాయంత్రం ఒక్క దెబ్బ, నిశ్శబ్దం, ఒక్క దెబ్బ.

మా యజమానికి ఓపిక పోయింది. నింద ప్రోగ్రాము రాసిన అమ్మాయి మీదకు వెళ్లింది. ఆ అమ్మాయి తాడేపల్లిగూడెం నుంచి రోజూ ప్యాసింజరులో వచ్చి వెళ్లేది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. “ప్రోగ్రాములో తప్పుంది, ఒప్పుకుని సరిచేయమనండి. లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటాం,” అని ఆయన నాతో చెప్పి పంపారు, ఆమెతో నేరుగా అనలేక.

నేను చెబితే ఆమె సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి, నా వైపు తిరిగింది.

“తప్పుంటే చూపించమనండి మాస్టారూ. చూపిస్తే ఒప్పుకుంటాను. ఊరికే ఒప్పుకోమంటే ఎలాగండీ?”

“చూపించడానికి మన దగ్గర ఏముందమ్మా? మీటరు తప్ప.”

“మా కాలేజీలో లాజిక్ ఎనలైజర్ ఉందండీ. ఎవరూ ముట్టుకోరు.”

అలా తాడేపల్లిగూడెంలో ఆమె చదివిన కాలేజీ ల్యాబు నుంచి, అక్కడి మేడమ్‌ను ఎలా బతిమాలిందో తెలియదు గానీ, ఆ మిషను తెచ్చింది. పాత టీవీ అంత బరువు. ముందు పచ్చటి తెర. రంగురంగుల సన్నటి తీగలు, వాటి చివర్న చిన్న కొక్కేల్లాంటి క్లిప్పులు. వాటినే ప్రోబులంటారు. ఒక్కో ప్రోబును ఒక్కో తీగకు తగిలిస్తే ఏ క్షణాన ఏ తీగలో సంకేతం ఉందో, దేంట్లో లేదో అన్నీ ఒకదాని కింద ఒకటి గీతలుగా చూపిస్తుంది. దాని జ్ఞాపకం మాత్రం చాలా చిన్నది. రెప్పపాటు సేపే గుర్తుంటుంది. కాబట్టి ఏ రెప్పపాటు కావాలో మనమే చెప్పాలి. ఆ చెప్పడాన్నే ట్రిగ్గర్ అంటారు.

ఇద్దరం దాన్ని కారులో పెట్టుకుని, కైకలూరు మీదుగా వెళ్లాం. దారి పొడుగునా రోడ్డుకు రెండువైపులా నీళ్లే. ఎండకు తెల్లగా మెరిసే చెరువులు, గట్ల మీద కొంగలు. ఆ అమ్మాయి కిటికీ అద్దం దించి చూస్తూ, “ఇన్ని నీళ్లు, ఒక్క అల కూడా లేదేంటండీ,” అంది.

చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లాం. నేల తడిగా ఉంది. ఒకావిడ తుడుస్తోంది. మమ్మల్ని చూసి పక్కకు జరిగి, పని అయ్యాక కూడా వెళ్లకుండా గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. పాస్టరు గారు నా చెవిలో చెప్పారు. చెరువులో పోయిన మేత మనిషి భార్య ఆవిడేనట. ఇంటి దగ్గర ఉండలేక రోజూ చర్చి ఊడ్చే పని అడిగి తీసుకుందట.

మొదటి సాయంత్రం ప్రోబులన్నీ బోర్డుకు తగిలించి, చావు మీట తీగనే ట్రిగ్గరుగా పెట్టాం. ఆ తీగ కదిలితే పట్టుకో అన్నమాట. పొద్దు వాలుతుండగా తెర ఒక్కసారి గీతలతో నిండిపోయింది. అన్ని తీగలూ పిచ్చెత్తినట్టు ఎగురుతున్నాయి. “దొరికింది!” అని అరిచాను. పాస్టరు గారు లేచి నిలబడ్డారు. ఆ అమ్మాయి మాత్రం వంగి, ప్రోబుల కట్ట చివర చూపించింది.

“మాస్టారూ, మీ ఎర్త్ క్లిప్పు ఊడిపోయి ఉందండీ. ఇవన్నీ గాలి గీతలు.”

నిజమే. ప్రోబులన్నిటికీ కలిపి నల్లటి క్లిప్పు ఒకటి ఉంటుంది. అది తగిలించకపోతే మిషను దేన్ని చూసి దేన్ని కొలవాలో తెలియక ఇష్టమొచ్చినట్టు గీస్తుంది. అన్ని రంగులూ శ్రద్ధగా తగిలించి నల్లదాన్ని మర్చిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మీలో కూడా ఉంటారు. ఆ క్లిప్పు పట్టుకుని బోర్డు ఎర్తుకు తగిలించబోతుంటే వేళ్లకు జిల్లుమంది. ఉత్త కాళ్లతో తడి నేల మీద ఉన్నాను. అంత చిన్న జిల్లు మా పనిలో మామూలే. చెయ్యి దులుపుకుని తగిలించాను.

ఆ వెంటనే మళ్లీ గీతలు పడ్డాయి. ఈసారి మిగతా తీగలన్నీ నిశ్చలంగా ఉన్నాయి. ఒక్క చావు మీట గీత మాత్రం పళ్ల దువ్వెనలా, సమానమైన ఎడంతో పడుతూ లేస్తూ ఉంది. తల పైన సుత్తి కదిలిన చప్పుడు, తర్వాత గంట. ఆ దెబ్బకు కిటికీ అద్దాలు వణికాయి. గుమ్మం దగ్గర కూర్చున్న ఆవిడ లేచి నిలబడి, తల మీద కొంగు కప్పుకుంది.

“ఇది మనిషి వేలు కాదండీ,” అంది ఆ అమ్మాయి తెర మీద గీతల ఎడం కొలుస్తూ. “ఎవరూ ఇంత సమంగా నొక్కలేరు. ఇది కరెంటు లయ. మీట తీగలోకి లైను కరెంటు వస్తోంది.”

“మన పెట్టెలోంచా, బయటనుంచా?”

ఆ గీతలు అది చెప్పవు. మా ప్రోబులన్నీ పెట్టెలోనే ఉన్నాయి. ట్రిగ్గరూ పెట్టెలోనే ఉంది. పెట్టెను పెట్టె గురించే అడిగితే తన కథే చెబుతుంది. మా యజమాని రేపు ఈ గీతలు చూసినా, “మన సప్లైలోంచే వస్తోంది, ప్రోగ్రాము దాన్ని వడపోయలేదు,” అంటారు. ఆ అమ్మాయికీ అది తెలుసు.

ఆ రాత్రి నాకు ఆ జిల్లు గుర్తొచ్చింది. క్లిప్పు ఎర్తుది. ఎర్త్ అంటే నేల. నేను నిలబడిందీ నేల మీదే. నేలకూ నేలకూ మధ్య నా వేళ్లలో కరెంటు ఎలా పారింది?

మర్నాడు వర్క్‌షాపులో చిన్న పరికరం ఒకటి కట్టాను. రెండు తీగల మధ్య కరెంటు వస్తే లోపల చిన్న దీపం వెలుగుతుంది. దాన్ని చూసే ఎలక్ట్రానిక్ కన్ను మూడో తీగలో సంకేతం పంపుతుంది. లాజిక్ ఎనలైజర్ వెనకవైపు రబ్బరు మూత వేసిన గుండ్రటి సాకెట్టు ఒకటి ఉంది. ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్ అని రాసి ఉంది. కాలేజీలో ఆ మూత తీసినవాళ్లు లేరని దాన్ని ఊడబెరకడంలోనే తెలిసింది. ప్రోబులతో సంబంధం లేని ఎక్కడి సంకేతాన్నైనా అందులో ఇవ్వవచ్చు. అది వచ్చిన క్షణానికి ముందు కొంత, తర్వాత కొంత గుర్తుపెట్టుకోమని మిషనుకు చెప్పవచ్చు.

ఆ మధ్యాహ్నం ఊరు చేరాక పరికరం ఒక తీగను చర్చి ఎర్త్ పైపుకు కట్టాను. రెండో తీగకు ఇనప చువ్వ కట్టి, దాన్ని దూరంగా, చెరువు గట్టు మెత్తగా ఉన్నచోట నీటి అంచున దిగ్గొట్టాను. ప్రోబులు నిన్నటిలాగే బోర్డు మీద. ట్రిగ్గర్ మాత్రం ఇప్పుడు బయటిది.

ఇక కూర్చోవడమే. పాస్టరు గారు, మేమిద్దరం, గుమ్మం దగ్గర ఆవిడ. తెర మీద ‘ఎదురుచూస్తున్నాను’ అనే అర్థం వచ్చే మాట ఒకటి వెలిగి ఆరుతోంది. బయట ఎండ పసుపు రంగుకు మారి, తర్వాత బూడిద రంగు అయింది. ఎదురింటి అరుగు మీద ముసలాయన ఒకరు గంట వైపు చూస్తూ కూర్చున్నారు. చర్చిలో ఫ్యాను కూడా వేసుకోలేదు, అది గీతల్లో కలుస్తుందని. చెమట చుక్క మెడ మీదుగా దిగుతుంటే కూడా తెలిసేటంత నిశ్శబ్దం.

తెర మీద ఆ మాట ఆరిపోయింది. గీతలు పడ్డాయి.

మధ్యలో నిలువు గీత, బయటి సంకేతం వచ్చిన క్షణం. దానికి ఎడమవైపు చావు మీట తీగ చదునుగా, చచ్చినట్టు పడి ఉంది. కుడివైపు పళ్ల దువ్వెన.

“నేల ముందండీ,” అంది ఆ అమ్మాయి. “గంట తర్వాత. మన పెట్టె ఏమీ చేయలేదు. బయట నేలలోకి కరెంటు వస్తోంది.”

తల పైన మొదటి దెబ్బ పడింది. ఆ దెబ్బలోనే నాకు ఇనప చువ్వ ఎక్కడ పాతానో గుర్తొచ్చింది. నీటి అంచున.

“అయ్యగారూ, ఇప్పుడు చెరువు దగ్గర ఏం వేశారండీ?”

“మోటారు. రోజూ ఈ వేళకి నీళ్లు పెడతారు,” అన్నారు ఆయన. అని, నా ముఖం చూశారు. ఇద్దరం ఒకేసారి లేచాం.

చెప్పులు వేసుకోలేదు. గట్టు మీద పరిగెత్తుతుంటే మోటారు చప్పుడు వినబడింది. దాని మీదుగా గంట. గట్టు చివర ఒక మనిషి తవుడు బస్తా భుజాన పెట్టుకుని నీళ్ల ముందు నిలబడి ఉన్నాడు. చెరువులో పాతిన గుంజలకు మేత సంచులు కట్టడానికి నడుం లోతు దిగాలి. “దిగొద్దు!” అని అరిచాను. గంట మోగింది. నా అరుపు నాకే వినబడలేదు. మళ్లీ అరిచాను. పాస్టరు గారు షెడ్డు వైపు చేతులూపుతూ “మోటారు ఆపరా, ఆపు!” అంటూ నన్ను దాటి పరిగెత్తారు.

మోటారు ఆగింది. ఆ మనిషి కదల్లేదు. దగ్గరకు వెళ్లి చూస్తే తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. కాలి వేళ్లకూ నీళ్లకూ మధ్య జానెడు బురద. కళ్లు తెరిచి నన్ను చూసి, మెల్లగా అడిగాడు.

“ఎవరండీ పోయింది?”

అతని రెక్క పట్టుకుని గట్టు పైకి లాగాను. గంట వినబడితే ఆగి ప్రార్థన చేసుకోవడం అతని అలవాటు. ఆ ఒక్క అలవాటు లేకపోతే ఆ ప్రశ్న అడగడానికి అతను ఉండేవాడు కాదు.

జనం పోగయ్యారు. నేను చెబితే నమ్మలేదు. కరెంటైతే మోటారు ఆగిపోవాలి కదండీ, ఫ్యూజు పోవాలి కదండీ అన్నారు. అందరినీ గట్టుకు దూరంగా నిలబెట్టి, హోల్డరులో బల్బు పెట్టి, ఒక తీగను నా చువ్వకు కట్టి, రెండోదాన్ని పొడుగాటి వెదురు కర్ర చివరన నీళ్లలోకి చాచాను. పాస్టరు గారు స్టార్టరు నొక్కారు. బల్బు వెలిగింది. ఎర్రగా, నీరసంగా, కానీ వెలిగింది. చెరువు నీళ్లలో దాని నీడ కూడా వెలిగింది. వెనక చర్చిలో గంట మొదలైంది. ఒక్కరు కూడా కదల్లేదు. ఎవరో ఆడమనిషి ‘దేవా’ అంది.

లైన్‌మన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను తీసేశాక, నీళ్లలోంచి మోటారు కేబులు బయటికి లాగారు. మధ్యలో ఒక అతుకు. దాని చుట్టూ సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది. చెరువులో నీరు తక్కువున్న రోజు అతుకు గట్టు మీద పొడిగా ఉండేది. నీరు పెరిగిన రోజు మునిగేది. మునిగిన రోజు మోటారు వేస్తే చెరువంతా కరెంటు. అది తడి నేలలోంచి పాకి, పాస్టరు గారి ఇంటి ఎర్త్ పైపుకూ చర్చి ఎర్త్ పైపుకూ మధ్య కరెంటు తేడా పుట్టించి, మా తీగలోకి ఎక్కి, చావు మీట నొక్కినట్టు చేసేది. ఆ మీట తీగ ఒక్కటే చెరువు దాటి వెళ్లేది కాబట్టి ఎప్పుడూ చావు గంటే మోగింది, ఆరాధన గంట ఎన్నడూ మోగలేదు.

చెరువు యజమాని మీద కేసు పెట్టారు. అది ఎంతదాకా వెళ్లిందో నాకు తెలియదు. మా యజమాని ఆ అమ్మాయిని పిలిచి క్షమాపణ అనే మాట వాడకుండా చాలాసేపు క్షమాపణ చెప్పారు. ఆమె అన్నీ విని, “గీతలు చూస్తారాండీ?” అని అడిగింది. చూడాల్సిందే అని కూర్చోబెట్టి చూపించింది.

వారం తర్వాత మీట తీగకూ బోర్డుకూ మధ్య కరెంటు దాటకుండా అడ్డుకట్ట పెట్టడానికి ఇద్దరం మళ్లీ వెళ్లాం. పగటి పూటే పని అయిపోవచ్చింది. నిచ్చెన దిగి చెయ్యి తుడుచుకుంటుంటే, చర్చి ఊడ్చే ఆవిడ దగ్గరకు వచ్చింది. అన్ని రోజుల్లోనూ ఆవిడ మాతో మాట్లాడటం అదే మొదటిసారి.

“బాబూ, మీ మిషను ఏది ముందో ఏది వెనకో చెప్తుందంట కదా. మా ఆయన పోయిన రోజున, ఆయన నీళ్లలో దిగాక గంట మోగిందాండీ, దిగకముందా?”

ఆ రోజు అక్కడ మా మిషను లేదు. “మోటారు వేయగానే మోగి ఉంటుందమ్మా,” అన్నాను. “అప్పటికి ఆయన దిగాడో లేదో నేను చెప్పలేను.”

ఆవిడ చీపురు గోడకు ఆనించింది.

“నేను అన్నం వారుస్తున్నానండీ. గంట వినపడింది. గిన్నె దించేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఎవరో పాపం, వాళ్ల ఇంట్లో వాళ్లకి ఓర్పు ఇవ్వు ప్రభువా అని ప్రార్థన చేశాను. ఆగేదాకా అక్కడే ఉన్నాను. గంట ఆగాక వెళ్లి గిన్నె ఎత్తుకున్నాను. ఆయన కోసమే చేశానన్నమాట. నాకు తెలీదు కదండీ, పేరు చెప్పి చేయలేదు. పేరు చెప్పకపోయినా ఆయనకి చేరుతుందంటారా?”

నేను పాస్టరు గారి కోసం చుట్టూ చూశాను. ఆయన లేరు. నా వెనక పెట్టె మూత బిగిస్తున్న అమ్మాయి, కొలిచి చూడని మాట ఒక్కటీ అనని మనిషి, తల ఎత్తకుండానే అంది.

“చేరిందండీ.”

ఆవిడ తల ఊపి, చీపురు తీసుకుని బయటికి వెళ్లింది. ఆ అమ్మాయి మళ్లీ స్క్రూ బిగించబోయింది. చేతిలో స్క్రూడ్రైవరు గాడిలో కుదరక జారిపోతూనే ఉంది. నేను వెళ్లి మూత పట్టుకుని నిలబడ్డాను.